21-0 అయినా తొమ్మిది ఇన్నింగ్సూ ఆడించాల్సిందేనా? అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ (ఎంఎల్‌బీ)కి మెర్సీ రూల్ (తేడా మరీ పెరిగితే ఆటని ముందే ఆపే నిబంధన) కావాలా, వద్దా?

కర్వ్‌బాల్: 2025 మే 10న డెన్వర్‌లో పాడ్రేస్ జట్టు 21-0తో సొంతగడ్డ మీదున్న రాకీస్ జట్టుని చిత్తుచిత్తుగా ఓడించింది. మర్నాడు రాకీస్ 9-3తో గెలిచినా వాళ్ల మేనేజర్ (ప్రధాన కోచ్) బడ్ బ్లాక్ ఉద్యోగం ఊడింది. ఇలాంటి మ్యాచ్‌ని చివరిదాకా లాగడం ఎవరికోసం? దేశాల జట్లు ఆడే వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ తొలి రౌండ్‌లో 5 ఇన్నింగ్స్ తర్వాత 15, లేదా 7 తర్వాత 10 పరుగుల తేడా ఉంటే ఆట అక్కడితో ముగుస్తుంది. అదే ఇక్కడా పెట్టాలి.

షార్ట్‌స్టాప్_6: ఒప్పుకోను. 2001 ఆగస్టు 5, క్లీవ్‌లాండ్‌లో సియాటిల్ మూడు ఇన్నింగ్స్‌కే 12-0 ఆధిక్యంలో ఉంది, ఏడో ఇన్నింగ్స్ మధ్యలో 14-2. ఆ ఏడాది 116 మ్యాచ్‌లు గెలిచిన జట్టది. క్లీవ్‌లాండ్ ఏడులో 3, ఎనిమిదిలో 4, తొమ్మిదిలో 5 కొట్టి, 11వ ఇన్నింగ్స్‌లో 15-14తో గెలిచింది. తొమ్మిదిలోని ఆ ఐదూ రెండు ఔట్లు పడ్డాక వచ్చినవే. బేసులు నిండి ఉండగా క్లీవ్‌లాండ్ ఆటగాడు ఒమర్ విజ్కెల్ ట్రిపుల్ (మూడో బేస్ దాకా చేర్చే దెబ్బ)తో స్కోర్లు సమం. దీన్ని ఆపేసేవాళ్లా?

కర్వ్‌బాల్: లెక్క వేసి చూడండి. ఐదు ఇన్నింగ్స్ తర్వాత తేడా 12, గీత 15. ఏడు పూర్తయ్యేసరికి 14-5, తేడా 9, గీత 10. మెర్సీ రూల్ ఉన్నా ఆ మ్యాచ్ ఆగేది కాదు.

బుల్‌పెన్_బాబాయ్: అసలు దెబ్బ తగిలేది పిచర్లకి (బంతి విసిరేవాళ్లకి). 2004 ఆగస్టు 31న యాంకీస్ సొంతగడ్డ మీద క్లీవ్‌లాండ్ చేతిలో 22-0తో ఓడింది. స్టార్టర్ (ఆట మొదలుపెట్టే పిచర్) హావియర్ వాస్కెజ్ నాలుగు ఔట్లకే వెళ్లిపోయాడు. ఇన్నింగ్స్‌కి మూడు చొప్పున 27 ఔట్లలో మిగతా 23 రిలీవర్ల (తర్వాత దిగే పిచర్ల) నెత్తిన పడ్డాయి. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఎస్తెబాన్ లోయైజా ఒక్కడే ఆరు పరుగులిచ్చినా మార్చలేదు. మార్చితే రేపటి మనిషిని ఇవాళే వాడేసినట్టు. ఇప్పుడు 26 మంది జట్టులో పిచర్లు 13 మందికి మించకూడదు. స్టార్టర్లు ఐదుగురు పోతే బుల్‌పెన్‌లో (రిలీవర్ల బృందంలో) మిగిలేది ఎనిమిది మంది. ఒకడు 30 బంతులు వేస్తే మర్నాడు దాదాపు విశ్రాంతే.

అందుకే పిచర్లు కాని ఫీల్డర్లని మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) ఎక్కిస్తున్నారు. 2023 నుంచి నిబంధన ఇది: 8 పరుగులు వెనకబడితే ఎప్పుడైనా, 10 ముందుంటే తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, లేదా అదనపు ఇన్నింగ్స్‌లో మాత్రమే. వాళ్లు మెల్లగా తోసే బంతిని కొట్టడం పోటీ కాదు. పైగా ప్రమాదం. 1993 మేలో హోసే కాన్సెకో బోస్టన్ మీద ఒక్క ఇన్నింగ్స్ వేసి మోచేయి పాడుచేసుకున్నాడు, ఆపరేషన్ చేయాల్సొచ్చింది.

షార్ట్‌స్టాప్_6: బాబాయ్ గారూ, బుల్‌పెన్ సంగతి నిజమే. గెలుస్తున్న పిచర్ మాటేమిటి? ఆ 21-0లో పాడ్రేస్ స్టార్టర్ స్టీఫెన్ కోలెక్ తొమ్మిదీ తనే వేశాడు. సముద్రమట్టానికి మైలు ఎత్తున, గాలి పలచగా ఉండి బంతి దూరం ఎగిరే రాకీస్ మైదానం కూర్స్ ఫీల్డ్‌లో షటౌట్ (ఒక్క పరుగూ ఇవ్వకపోవడం) చేయడం మామూలు విషయం కాదు. ఏడుకే ఆపితే అది ఏడు ఇన్నింగ్స్ ముక్కగా మిగిలేది. 2023 మార్చి 13 క్లాసిక్ మ్యాచ్‌లో ప్యూర్టోరికో పిచర్లు ఇజ్రాయెల్ బ్యాటర్లు 24 మందినీ వరసగా ఔట్ చేశారు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో పదో పరుగు రాగానే 10-0తో ఆట ముగిసింది. తొమ్మిది ఇన్నింగ్స్ నిండలేదని అది అధికారిక పర్‌ఫెక్ట్ గేమ్ (ఒక్క బ్యాటర్‌నీ బేస్ చేరనివ్వని మ్యాచ్) కాలేదు.

కర్వ్‌బాల్: అది అన్యాయమే. సరే, హిట్ (కొట్టి బేస్ చేరడం) ఇవ్వని పిచర్లు ఆడుతుంటే రూల్ వర్తించదని రాయండి. మిగతావాటికి అడ్డేంటి?

బుల్‌పెన్_బాబాయ్: అడ్డు లేదు. ఓడుతున్న మేనేజర్ ఏడు తర్వాత అడిగితేనే ఆపాలి అంటాను. బుల్‌పెన్ ఖాళీ అయినవాడు అడుగుతాడు, కొత్త కుర్రాళ్లకి బ్యాటింగ్ ఇవ్వాలనుకునేవాడు అడగడు.

షార్ట్‌స్టాప్_6: సొంత ప్రేక్షకుల ముందు ఏ మేనేజర్ అడుగుతాడండీ? రూల్ కాగితం మీదే ఉంటుంది.