పేలుళ్ల కేసుల్లో బాధిత కుటుంబాలు సొంత వకీలును పెట్టుకోవాల్నా, సర్కారుకే వదిలెయ్యాల్నా?

సాగర్‌రోడ్డు:
హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ల జంట పేలుళ్లు 2013 ఫిబ్రవరి 21న. ఎన్‌ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) కోర్టు ఐదుగురికి ఉరిశిక్ష వేసింది 2016 డిసెంబర్‌ల. హైకోర్టు దాన్ని ఖాయం చేసింది 2025 ఏప్రిల్ 8న. అంటే ఒక్క హైకోర్టులనే ఎనిమిదేండ్లు దాటింది. నల్లగొండ, పాలమూరు పిల్లలు కోచింగుల కోసం దిగే అడ్డా అది, అందుకే ఇక్కడ అడుగుతున్న. నా మాట సూటిగ చెప్తా: కేసు నడిపేది ప్రాసిక్యూటరు, అంటే సర్కారు వకీలు. కుటుంబం వాయిదా వాయిదాకు పోతే కూలి పోవుడు, బస్సు చార్జీలే తప్ప తీర్పుల అక్షరం మారదు. ఆ ఓపికను పరిహారం మీద, చనిపోయినోళ్ల పేర్లు నిలబెట్టే పని మీద పెట్టాలె. కాదనేటోళ్లు చెప్పండి.

నకిరేకల్ వకీలు:
కాదనే అంటున్న. హైదరాబాద్ మక్కా మసీదు కేసుల పేలుడు 2007 మే 18న. 2018 ఏప్రిల్ 16న కోర్టు ఐదుగురిని నిర్దోషులని వదిలేసింది. అసొంటి తీర్పు వచ్చిన్నాడు కుటుంబం తరఫున అప్పీలు వేసేదెవరు? ఎన్‌ఐఏ చట్టం 21వ సెక్షన్ ప్రకారం గడువు 30 రోజులు, తగిన కారణం చూపిస్తే 90. ఆలస్యమైందన్న ఒక్క కారణంతో కొట్టెయ్యొద్దని 2025ల సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది గని, దాన్ని నమ్ముకొని కూసోవద్దు. తీర్పు నకలు తీసుకొని, చదివించుకొని, వకీలును వెతికేసరికే నెల ఒడుస్తది. ముందే వకాలత్ (మా తరఫున ఈ వకీలు అని సంతకం పెట్టిచ్చే కాయితం) పడి ఉంటే ఈ తిప్పల ఉండదు.

బాధితుల అప్పీలు హక్కు పాత క్రిమినల్ విచారణ చట్టం సీఆర్‌పీసీల 372వ సెక్షన్, దాని జాగల వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌ల 413వ సెక్షన్. చనిపోయినోళ్ల వారసులు కూడా చట్టం లెక్కల బాధితులే. అయితే నిర్దోషిగా వదిలినా, చిన్న నేరం కింద శిక్షించినా, పరిహారం తక్కువిచ్చినా మాత్రమే. శిక్ష చాలలేదని బాధితులు అప్పీలుకు పోలేరు, అది సర్కారు పని. ఇది తెల్వక తప్పుడు అప్పీలేసి, కొట్టేయించుకొని, కోర్టు మీద కోపం పెంచుకుంటరు.

సాగర్‌రోడ్డు:
వకీల్ సాబ్, ఫీజు ఎవరిస్తరు? ఇచ్చినా ఆయన కోర్టుల నోరిప్పగలడా?

నకిరేకల్ వకీలు:
ఫీజు అక్కర్లేదు. వకాలత్ మీద తల్లి గని భార్య గని సంతకం పెడితే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగ వకీలునిస్తది. ఆడవాళ్లకు ఆదాయ పరిమితి లేదు. తండ్రి పెడితే ఆదాయం అడుగుతరు, ఎస్సీ, ఎస్టీలైతే అదీ లేదు. నోరిప్పుడు సంగతి మీరన్నది సగం నిజం. మన వకీలు సాక్షిని నేరుగ ప్రశ్నించలేడు. ప్రాసిక్యూటరుకు రాసియ్యాలె, సాక్ష్యం ముగిసినంక కోర్టు ఒప్పుకుంటే రాతపూర్వక వాదన వెయ్యాలె. అంతకంటే ఎక్కువ ఆశ పెట్టేటోన్ని నమ్మొద్దు.

పాలమూరు మీసేవ:
ఇద్దరూ కాయితాలను వదిలేసిండ్రు. పరిహారం ఆగేది అక్కడనే. మరణ ధ్రువీకరణ ప్రాణం పోయిన చోటనే ఇస్తరు. హైదరాబాద్ దవాఖానల పోతే జీహెచ్‌ఎంసీల తీసుకోవాలె, అంత్యక్రియలు ఊర్ల జేసినమని పంచాయతీల రాయిస్తే చెల్లది. గాయపడ్డోళ్లను మోసుకొచ్చినోళ్లు దవాఖానల ఏ పేరు చెప్తే అదే పోస్టుమార్టం రిపోర్టుకెక్కుతది, ఆధార్ల ఇంకోటి ఉంటది. రెండు పేర్లూ ఒక్క మనిషివే అని నోటరీ అఫిడవిట్ చేయించి, దర్యాప్తు అధికారికి అర్జీ పెట్టి, కేసు ఫైల్ల చేర్పించుకోవాలె. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ల కోడలి పేరు వదిలిపెడితే, అత్తామామలకు కోడలికి నడుమ పడే పంచాయితీ ఏండ్లు నడుస్తది.

ఇంకోటి. రాష్ట్రం ఎక్స్‌గ్రేషియా ఇచ్చిందని కేంద్రం పథకం పోదు. ఉగ్రవాద, మత, నక్సల్ హింస బాధిత పౌరుల పథకం 2008 నుంచి ఉన్నది. 3 లక్షలున్నదాన్ని 2016ల 5 లక్షలు చేసిండ్రు. ఫైలు కలెక్టర్ దగ్గర కదులుతది. పైసలు చేతికియ్యరు, ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి మూడు నెలలకోసారి వడ్డీ ఖాతాల వేస్తరు. మొత్తం చేతికొస్తదనుకొని అప్పు చేస్తే మునుగుతరు.

సూర్యాపేట పాతబస్టాండు:
పేర్లు నిలబెట్టుడు అన్నరు గద సాగరన్నా, దాంట్ల కూడ చట్టమే అడ్డం. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద విగ్రహాలు, కట్టడాలకు పర్మిషన్ ఇయ్యొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న చెప్పింది. పేలుడు జరిగిన బస్‌స్టాప్ కాడ రాయి పాతుదామంటే కుదరదు. ఊర్ల బడి ఆవరణ గని, పంచాయతీ జాగ గని చూసుకొని, తీర్మానం రాతల పెట్టించుకోవాలె. తీర్మానం లేకుంటే తర్వాతొచ్చే సర్పంచ్ తీసేయిస్తడు. రాయి చెక్కేముందు పేరు అక్షరం అక్షరం కుటుంబంతోని సంతకం పెట్టించుకోండి. ఫ్లెక్సీ పనికిరాదు, రెండు ఎండాకాలాలకు చినుగుతది.

మా సూర్యాపేటనే చూడుండ్రి. 2015 ఏప్రిల్ 1 రాత్రి బస్టాండ్ల కాల్పులకు ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు చనిపోయిండ్రు. పోలీసోళ్లకు అక్టోబర్ 21న అమరుల దినం ఉన్నది, పేర్లు చదువుతరు. మామూలు జనానికి? మే 21న ఆఫీసుల్ల ఉగ్రవాద వ్యతిరేక ప్రతిజ్ఞ చేయిస్తరు, అందుల చచ్చిపోయినోళ్ల పేరొక్కటి ఉండదు.

నకిరేకల్ వకీలు:
కుటుంబాల మాటలు ఫోన్ల రికార్డు చేసేటోళ్లకు ఒక హెచ్చరిక. విచారణ ఒడవని కేసుల సాక్షిగ ఉన్నోళ్లను మాట్లాడించి నెట్ల పెట్టొద్దు. కోర్టుల చెప్పినదానికి దీనికి టైములనో, అంగి రంగులనో తేడా వస్తే ఎదుటి వకీలు పట్టుకుంటడు. చనిపోయినోళ్ల గురించి మాత్రమే అడగండి, ఘటన గురించి వద్దు.

సాగర్‌రోడ్డు:
అప్పీలు గడువు సంగతి ఒప్పుకుంటున్న, ఒక వకాలత్ వేసి పెట్టాలె. కానీ ఉరి కోసమే బతుకంత కాసుకొని కూసునుడు నాకు నచ్చదు. క్షమాభిక్ష మీద సర్కారు లెక్కలేనంత ఆలస్యం చేస్తే ఉరిని యావజ్జీవం చెయ్యొచ్చని 2014 జనవరిల సుప్రీంకోర్టే చెప్పి, 15 మంది శిక్ష మార్చింది.

నకిరేకల్ వకీలు:
ఆ తీర్పే నా వాదనకు బలం. క్షమాభిక్ష ఫైలు ఏ బల్ల మీద పండుకున్నదో అడిగేటోడు ఉండాలె. ఎన్‌ఐఏకు ఉన్న వందల కేసుల్ల ఇదొకటి, ఆ ఇంటికి ఉన్నది ఇదొక్కటే. కేంద్ర హోంశాఖకు ఆర్‌టీఐ కింద అడగండి, ఫీజు 10 రూపాయలు.