ఆఫ్రికా సమకాలీన కళకి క్యూరేటర్ అవ్వాలంటే శిక్షణ ఎక్కడ?

నైరోబీ_పల్లవి:
నమస్తే అందరికీ. పుట్టి పెరిగింది నైరోబీలోనే, ఇక్కడే ఓ గ్యాలరీలో అసిస్టెంట్‌ని. క్యూరేటింగ్, అంటే ప్రదర్శనకి పనులు ఎంచి అమర్చడం, పద్ధతిగా నేర్చుకోవాలని ఉంది. కేప్‌టౌన్ ఫెలోషిప్ మేలా, సెనెగల్ రాజధాని డకార్‌లో క్యూరేటర్లకి శిక్షణిచ్చే రా అకాడెమీ మేలా? ఫ్రెంచ్ రాకపోతే కష్టమా? వయసు పరిమితి, స్టైపెండ్ సంగతి కూడా చెప్పండి.

లాగోస్_రావు:
ముందు నైజీరియా క్యూరేటర్ బిసి సిల్వా ఎవరో తెలుసుకోమ్మా. 2007లో లాగోస్‌లో సీసీఏ అనే సమకాలీన కళా కేంద్రం పెట్టింది ఆవిడే. ఆర్ట్ కాలేజీలు నేర్పనిది నేర్పుదామని 2010లో మొదలుపెట్టిన బడి ఆసికో. ఒక ఊళ్లో ఉండేది కాదు. అక్రా, డకార్, మపూటో, అడిస్ అబాబా తిరిగింది. ఆర్టిస్టులూ క్యూరేటర్లూ ఒకే గదిలో కూర్చుని వాదించుకునేవాళ్లు. 2019లో ఆవిడ పోయారు. సీసీఏ లైబ్రరీలో కూర్చుని చదివినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, ఇక్కడ ఎంతమందికి తెలుసులే ఇవన్నీ.

గోడమీద_మేకు:
రావు గారూ, ఎక్కడ చేరాలని అడిగితే చరిత్ర చెప్తారేంటి? పల్లవీ, నేను జొహానెస్‌బర్గ్‌లో ఒక గ్యాలరీలో జీతం లేకుండా చేశా. బొమ్మ వచ్చిన పెట్టె విప్పగానే టార్చ్ ఏటవాలుగా పట్టి గీతలు, బూజు వెతికి కండిషన్ రిపోర్ట్ రాయడం అక్కడే వచ్చింది. కేటలాగ్‌లో మాత్రం నా పేరు లేదు. ఎక్స్‌పీరియన్స్ వస్తుందిగా అని ఊరికే పిలిచేవాళ్లకి ఓ దండం పెట్టు. నువ్వడిగిన కేప్‌టౌన్‌ది, అక్కడి జైట్స్ మోకా మ్యూజియం, వెస్టర్న్ కేప్ యూనివర్సిటీ కలిసి నడిపే ఫెలోషిప్ చూడు. మెలన్ ఫౌండేషన్ డబ్బు దానికి.

కృష్ణాతీరం:
అది ఆఫ్రికన్ల కోసం కదా? మన తెలుగమ్మాయికి ఎందుకిస్తారు?

నైరోబీ_పల్లవి:
నాది కెన్యా పాస్‌పోర్టే అండి.

కృష్ణాతీరం:
పాస్‌పోర్ట్ వేరు, మూలాలు వేరు తల్లీ.

డర్బన్_మనవరాలు:
మూలాలంటే ఎన్ని తరాలు లెక్కపెట్టాలి బాబాయ్? మా ముత్తాత దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకు తోటలకి కూలీగా వచ్చాడు. ఇక్కడి ఆంధ్ర మహాసభ 1931 నాటిది. నేను ఆఫ్రికన్ని కాకపోతే ఇంకెవర్ని? కెన్యా ప్రభుత్వమే 2017లో అక్కడి భారత సంతతిని 44వ తెగగా గుర్తించింది. మీ సర్టిఫికెట్ ఎవరడిగారు?

లాగోస్_రావు:
ఆ రా అకాడెమీ సంస్థని పెట్టిన కోయో కువో కామెరూన్‌లో పుట్టారు, స్విట్జర్లాండ్‌లో పెరిగారు, పని చేసింది డకార్‌లో. జర్మనీలో జరిగే పెద్ద కళా ప్రదర్శన డాక్యుమెంటాని 2002లో నడిపిన నైజీరియా క్యూరేటర్ ఎన్వెజర్ అమెరికా వెళ్లి చదివింది పొలిటికల్ సైన్స్.

కృష్ణాతీరం:
ఇద్దరూ ఆఫ్రికాలోనే పుట్టారుగా. మీ మాట మీకే ఎదురు తిరిగింది.

గోడమీద_మేకు:
పల్లవి కూడా అక్కడే పుట్టింది సార్. మొదటి పోస్ట్ చదివారా అసలు?

కృష్ణాతీరం:
పెద్దవాళ్లతో మాట్లాడే పద్ధతేనా ఇది?

ఏసీగార్డ్స్_కుర్రాడు:
హైదరాబాద్‌లో మా ఏసీ గార్డ్స్ అంటేనే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం గుర్రపు దళంలో చేసినోళ్ల మనవలు ఇంకా ఇక్కడే ఉన్నారు, పెళ్లిళ్లలో మర్ఫా డప్పులు కొడతారు. మీరు ఎక్కడివాళ్లని అడిగి చూడండి, హైదరాబాద్ అనే చెప్తారు.

లాగోస్_రావు:
మర్ఫా యెమెన్ నుంచి వచ్చింది బాబూ.

ఏసీగార్డ్స్_కుర్రాడు:
ఆ మాట మా గల్లీకొచ్చి చెప్పండి సార్.

డర్బన్_మనవరాలు:
పల్లవీ, వీళ్లని వదిలెయ్. రెండేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శన డకార్ బినాలేకి వెళ్లినప్పుడు చూశా, పెద్ద వేదికల్లో ఇంగ్లీషుతో లాక్కొచ్చాను. ఊరంతా పెట్టే చిన్న షోలలో ఆర్టిస్టుతో మాట్లాడాలంటే ఫ్రెంచో, అక్కడి భాష వోలోఫో ఉండాల్సిందే. ఈలోపు అప్లికేషన్ రాయి. ఆఫ్రికా కళంటే ప్రాణం అని అందరూ రాస్తారు. నువ్వు ఏ ఆర్టిస్టు పనిని ఏ గదిలో పెడతావు, దాని పక్కన ఏముంటుంది, ఎందుకు, అది రాయి. మీ ఊళ్లోనే చిత్రకారుడు మైకేల్ ఆర్మిటేజ్ పెట్టిన ఎన్‌సీఏఐ అనే కళా సంస్థ ఉందిగా, అక్కడి షో ఒకదాన్ని తీసుకుని నువ్వైతే ఎలా పెట్టేదానివో రాసి చూడు.

నైరోబీ_పల్లవి:
థాంక్స్ అక్కా, రాశాక నీకు పంపుతా. మరి వయసు పరిమితి?

లాగోస్_రావు:
మర్ఫా మీద వేరే చర్చ తెరిచాను. కుర్రాడూ, అక్కడికి రా.