ప్రార్థన, న్యాయం రెండూ కలిపి నడిపినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మా విచారణలో (కాథలిక్ చర్చి పారిష్‌లో) ఆరాధన అయ్యాక కొంతమందిమి కలిసి కూర్చుంటాం. గుడి శుభ్రం చేసే ఆవిడకు కాంట్రాక్టర్ జీతం సరిగ్గా ఇవ్వడం లేదని, ఫాదర్ గారితో మాట్లాడదామని ఈమధ్య అన్నాను. "మనం వచ్చింది ప్రార్థనకి, రాజకీయాలకి కాదు" అన్నారు ఒక పెద్దాయన. మిగతావాళ్లు జపమాలలు చేతిలో పట్టుకుని తలలు దించుకున్నారు. ఆయన నిజంగా భక్తిపరుడు, ఆయనంటే నాకు గౌరవం. కానీ ఆ మాట మాత్రం మింగుడు పడడం లేదు.

పనివాళ్లకు ఎగ్గొట్టిన కూలి దేవుడికి మొరపెడుతుందని యాకోబు లేఖ 5వ అధ్యాయంలోనే ఉంది కదా. న్యాయమైన వేతనం గురించి పదమూడవ లియో పోపుగారు 1891లోనే విశ్వలేఖ (కాథలిక్కులందరికీ పోపు రాసే లేఖ) రాశారు. పేదల పక్షాన గొంతెత్తిన ఎల్ సాల్వడార్ ఆర్చిబిషప్ రొమేరోను 1980లో పూజ చేస్తుండగానే కాల్చి చంపారు. 2018లో కాథలిక్ తిరుసభ ఆయన్ని పునీతుడిగా ప్రకటించింది. మరి పవిత్రతను, న్యాయాన్ని విడదీసేదెలా?

అలాగని ప్రార్థన తగ్గించాలని కాదు. ఆరాధన లేకపోతే నాలో కోపమొక్కటే మిగులుతుంది.

మీ విచారణల్లో ఈ మాట ఎలా మొదలుపెట్టారు? ముందు ఫాదర్ గారి దగ్గరికి వెళ్లాలా, ఆ పెద్దాయనతో విడిగా మాట్లాడాలా? ఆవిడ పనికి మాత్రం ఎసరు రాకూడదు, నా టెన్షన్ అంతా అదే.