ముందు బ్రేక్ మెత్తబడితే రాత్రంతా లివర్ కట్టేస్తే సరిపోద్దా?

కొండదారి: మొన్న తిరుమల నుంచి బండి మీద దిగుతుంటే సగం దూరంలో ముందు బ్రేక్ దూదిలా అయిపోయి లివర్ హ్యాండిల్‌కి ఆనేదాకా వచ్చేసింది, పై ప్రాణం పైనే పోయింది. పక్కన ఆపి అరగంట కూర్చుంటే మళ్లీ మామూలే. మా వీధి మెకానిక్ రాత్రికి లివర్ నొక్కి తాడుతో కట్టెయ్, పొద్దున్నకి గట్టిపడుద్ది అన్నాడు. మా తమ్ముడేమో అదంతా ఉత్తిదే అంటున్నాడు. ఏది నిజం?

గ్రీజుచేతులు: ఉత్తిదేం కాదు బ్రో, నేను ట్యూబు ముక్కతో కట్టి చూశా, పొద్దున రాయిలా ఉంది. లివర్ వదలగానే సన్న బుడగలు పైన బ్రేక్ ఆయిల్ డబ్బాలోకి లేచొస్తాయి. పైసా ఖర్చు లేదు.

షెడ్డుబాబాయ్: బ్రేక్ ఆయిల్ పైపులో గాలి ఉంటే కడితే గట్టిపడుద్ది, కాదన్ను. కానీ ఇతని బండి చల్లారాక దానంతటదే బాగైంది కదా, అది గాలి కాదు, బ్రేక్ వేడికి ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు కట్టింది. డాట్ 4 (బ్రేక్ ఆయిల్ రకం) కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా ఆగుద్ది, నీళ్లు పట్టాక 155 దగ్గరే మరగొచ్చు. ఎప్పుడు మార్చావ్ అబ్బాయ్?

కొండదారి: కొన్నాక మార్చనేలేదు బాబాయ్, ఐదేళ్లు. ఇప్పుడే మూత తీశా, టీ డికాషన్ రంగులో ఉంది 😬

షెడ్డుబాబాయ్: ఇంకేం మరి. రెండేళ్లకోసారి మార్చాలి. డికాషన్‌ని తాడేసి కట్టినా డికాషనే. ఇంకోటి, ఘాట్ దిగేప్పుడు బ్రేక్ నొక్కిపట్టి రాకు, సెకండ్ గేర్లో దిగు.

గ్రీజుచేతులు: సరే, ఆయిల్ మార్చాక కూడా మెత్తగానే ఉంటే? అప్పుడైనా కట్టాల్సిందేగా.

షెడ్డుబాబాయ్: ముందు చూసుకో. టకటకా నాలుగుసార్లు కొడితే గట్టిపడిందా, గాలి అయ్యుండొచ్చు. గట్టిగా పట్టుకుని ఉంటే లివర్ మెల్లగా జారిపోతోందా, బయట ఎక్కడా కారకపోతే మాస్టర్ సిలిండర్ (లివర్ దగ్గర ఆయిల్ తోసే పంపు) రబ్బర్లు పోయినట్టే, దానికి కట్టడం దండగ, కొత్త రబ్బర్ల కిట్ వెయ్యాలి. గాలైతే సైడ్ స్టాండ్ వేసి హ్యాండిల్ ఎడమకి తిప్పి కింద చక్రం దగ్గర గాలి వదిలే నిపుల్ నుంచి తీసెయ్, అయినా మిగిలితే పైన బాంజో బోల్ట్ (ఆయిల్ పైపు బిగించే బోల్ట్) దగ్గర ఇరుక్కునుంటది, చాలామంది అక్కడే వదిలేస్తారు. ఆ తర్వాత కట్టుకుంటావో మానతావో నీ ఇష్టం.

గ్రీజుచేతులు: నేనైతే కడతా 😄

కొండదారి: డాట్ 5 ఇంకా మంచిదంటగా, అది పోసెయ్యనా?

షెడ్డుబాబాయ్: వద్దు బాబూ, అది సిలికాన్‌ది, దీంతో కలవదు. మూత మీద ఏది రాసుంటే అదే. ట్యాంక్ మీద తడిగుడ్డ కప్పు, చుక్క పడితే పెయింట్ లేచిపోద్ది.