మా వాడు యూఎస్ ఆర్మీలో చేరతానంటున్నాడు, రిక్రూటర్ మాట ఎంతవరకు నమ్మొచ్చు?

ఫ్రిస్కో_అమ్మ:
అందరికీ నమస్తే. మాది గుంటూరు, ఇప్పుడు డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా పెద్దోడికి మార్చిలో 18 నిండాయి, మే నెలలో హైస్కూల్ అయిపోతుంది. రెండేళ్ల కిందటే మా నలుగురికీ గ్రీన్ కార్డులొచ్చాయి. వాడికి కాలేజీలో సీటు కూడా వచ్చింది, కానీ నెల రోజుల్నుంచి ఆర్మీలో మెడిక్‌గా చేరతా, ఆ తర్వాత వాళ్ళ డబ్బుతోనే నర్సింగ్ చదువుతా అని ఒకటే పట్టు. స్కూల్‌కి వచ్చిన రిక్రూటర్ నంబర్ ఇచ్చాడట, ఇద్దరూ మెసేజ్‌లు పెట్టుకుంటున్నారు. మా ఆయన ఆ మాటెత్తితే చాలు అన్నం దగ్గర్నుంచి లేచిపోతున్నారు. 18 నిండాయి కాబట్టి మా సంతకం కూడా అక్కర్లేదంట. ఆపగలనని అనుకోవట్లేదు, అసలు ఆపాలో లేదో కూడా తెలీట్లేదు. నా భయమల్లా ఆ రిక్రూటర్ గురించే. ఆయనకి నెలకి ఇంతమందిని చేర్చాలని టార్గెట్ ఉంటుందంటారు కదా, మరి మా వాడి మంచి చూస్తాడా? ఇందులో ఉన్నవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, మంచి రిక్రూటర్ అని ఎలా గుర్తుపట్టాలి?

సప్లై_నుంచి_సిగ్నల్:
అక్కా, నేను 2018 ఫిబ్రవరిలో సైన్ చేశా, ఇప్పటికీ సర్వీస్‌లోనే ఉన్నా. ఈరోజు నేనున్న చోటికి సగం కారణం మా రిక్రూటర్, ఆవిడో స్టాఫ్ సార్జెంట్, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

నేను ఇండియాలో బీటెక్ చేసి ఇక్కడికి ఎంఎస్‌కి వచ్చా, పెళ్ళయ్యాక గ్రీన్ కార్డు వచ్చింది. ముందు ఒక ఆఫీస్‌కి వెళ్తే అక్కడి రిక్రూటర్ "ఐటీ జాబ్ కావాలా, ముందు ఏదో ఒకటి తీసుకుని లోపలికెళ్ళు, తర్వాత మార్చుకోవచ్చు" అని కాగితాలు ముందుకు తోశాడు. ఎందుకో మనసొప్పక ఇంకో ఊళ్ళో ఆఫీస్‌కి వెళ్ళా. ఈవిడ పది నిమిషాల్లో తేల్చి చెప్పేసింది, 25బీ అనే ఐటీ జాబ్‌కి సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూడ్డానికి ఇచ్చే అనుమతి) కావాలి, క్లియరెన్స్‌కి సిటిజన్ అయ్యుండాలి, గ్రీన్ కార్డుతో ఇప్పుడు రాదు అని. చాలా డిసప్పాయింట్ అయ్యా. అప్పుడు ఆవిడ కాగితం మీద గీసి చూపించింది, ముందు క్లియరెన్స్ అక్కర్లేని సప్లై జాబ్‌లో చేరు, సర్వీస్‌లో ఉండగా సిటిజన్‌షిప్‌కి అప్లై చెయ్యి, మిలిటరీ వాళ్ళకి ఆ అప్లికేషన్ ఫీజు కూడా ఉండదు, మొదటి కాంట్రాక్ట్ అయ్యి రీఎన్లిస్ట్ అయ్యేటప్పుడు, అంటే మళ్ళీ కొత్త కాంట్రాక్ట్ సైన్ చేసేటప్పుడు, ఐటీ అడుగు అని. అచ్చం అలాగే జరిగింది, 2020లో సిటిజన్ అయ్యా, 2022లో 25బీకి మారా.

ఇంకో సంగతి, నా బీటెక్ సర్టిఫికెట్ ఇక్కడ పనికొస్తుందని నాకు తెలీదు. ఆవిడే అడిగి మరీ దాన్ని ఇవాల్యుయేషన్‌కి పంపించింది, బ్యాచిలర్స్‌తో సమానమని తేలితే మొదటిరోజు నుంచే ఈ-4 ర్యాంక్ ఇస్తారు. లేకపోతే అందరిలా అన్నిటికన్నా కిందుండే ఈ-1 నుంచి మొదలయ్యేవాణ్ణి. నాతో బేసిక్ ట్రైనింగ్‌లో ఉన్న ఒకబ్బాయికి కూడా డిగ్రీ ఉంది, వాళ్ళ రిక్రూటర్ అడగలేదు, వాడికీ తెలీదు, నెల నెలా వాడి జీతం నాకంటే తక్కువ పడుతుంటే నాకే బాధేసేది. మీ వాడు హైస్కూల్‌లో ఏమైనా కాలేజీ క్రెడిట్లు చేసుంటే ట్రాన్స్‌క్రిప్ట్ తీసుకెళ్ళమనండి, 24 క్రెడిట్లుంటే ఈ-2, 48 ఉంటే ఈ-3 వస్తుంది.

ఇక కాంట్రాక్ట్ దగ్గరికొస్తే, ఇది చాలామంది పేరెంట్స్‌కి తెలీదు, జాబ్ ఇచ్చేది రిక్రూటర్ కాదు. మెడికల్ టెస్ట్ జరిగే చోటు మెప్స్ అంటారు, అక్కడ కౌన్సెలర్ అని వేరే మనిషి కూర్చుని ఆరోజు ఏ జాబ్‌లు ఖాళీ ఉన్నాయో స్క్రీన్ మీద చూపిస్తాడు. పొద్దున నాలుగింటికి లేచి, బట్టలిప్పి డాక్టర్ల ముందు నిలబడి, ఆకలితో ఉన్నప్పుడు ఆ గదిలోకి వెళ్తాం, ఏది చూపిస్తే దానికి తలూపాలనిపిస్తుంది. మా రిక్రూటర్ ముందురోజే చెప్పింది, నీక్కావల్సింది స్క్రీన్ మీద లేకపోతే సంతకం పెట్టకుండా ఇంటికొచ్చేయ్, నేనేమీ అనుకోను అని. మొదటిసారి నాకు ఇన్‌ఫాంట్రీ (కాల్బలం) ఒక్కటే చూపించారు, వచ్చేశా. ఆవిడకి ఆ నెల లెక్కలో ఒకటి తగ్గింది, అయినా ఒక్క మాట అనలేదు, మూడు వారాల తర్వాత మళ్ళీ పంపింది. నేనప్పుడే ఆవిణ్ణి పూర్తిగా నమ్మా.

సైన్ చేశాక కూడా వదిలెయ్యలేదు. 2017 చివర్లో గ్రీన్ కార్డు వాళ్ళకి బ్యాక్‌గ్రౌండ్ చెక్ మొత్తం అయ్యేదాకా ట్రైనింగ్‌కి పంపకూడదని రూల్ వచ్చింది, నాలాంటివాళ్ళు నెలల తరబడి ఇంట్లో కూర్చున్నారు. 2018 నవంబర్‌లో కోర్టు దాన్ని ఆపింది, నేను 2019 జనవరిలో సౌత్ కరోలినాలో ఫోర్ట్ జాక్సన్‌కి వెళ్ళా. ఆ 11 నెలలూ ప్రతి బుధవారం ఆవిడ మమ్మల్ని పిలిచి రెండు మైళ్ళు పరిగెత్తించేది, ర్యాంకులు, సోల్జర్స్ క్రీడ్ అనే సైనికుల ప్రతిజ్ఞ బట్టీ పట్టించేది. మా ఆవిడ్ని ఒకరోజు కూర్చోబెట్టి జీతం ఎప్పుడు పడుతుంది, ఇన్సూరెన్స్ ఎలా, పది వారాలు ఫోన్ ఎందుకుండదు అన్నీ చెప్పింది. అందుకే బేసిక్‌లో డ్రిల్ సార్జెంట్ అరిచినా నాకు కొత్తగా అనిపించలేదు, ఇంటి దిగులు కూడా కొంచెం తక్కువే.

పేరు_వద్దండి:
పైన రాసిన అన్నయ్య అదృష్టవంతుడు, రెండో వైపు కూడా తెలియాలని రాస్తున్నా. మా తమ్ముడికి 15 ఏళ్ళప్పుడు ఆస్తమా, ఇన్‌హేలర్ వాడేవాడు. 13 ఏళ్ళు దాటాక ఆస్తమా ఉంటే వేవర్, అంటే ప్రత్యేక మినహాయింపు, అడగాలి, అది రావచ్చు రాకపోవచ్చు. వాళ్ళ రిక్రూటర్ "డాక్టర్ అడిగితే లేదని చెప్పు, ఎవరికీ తెలీదు" అన్నాడంట. 2016లో సంగతి. మూడో వారంలో పరిగెడుతూ ఊపిరాడక పడిపోయాడు, పాత రికార్డులు బయటికొచ్చాయి, దాచిపెట్టి చేరాడని రాసి పంపించేశారు. తప్పంతా వాడి మీదే, సంతకం వాడిదే కదా. ఆ రిక్రూటర్ మళ్ళీ ఫోనెత్తలేదు. అక్కా, ఇప్పుడైతే మెప్స్‌లో కంప్యూటర్‌లోనే పాత మెడికల్ రికార్డులు, మందుల చీటీలు లాగేస్తున్నారు, దాచినా దాగదు. ఏది ఉన్నా ముందే చెప్పించండి. "చెప్పకు" అనే మాట ఆ రిక్రూటర్ నోట ఒక్కసారి వచ్చినా లేచి వచ్చెయ్యండి.

హవల్దార్_రిటైర్డ్_పగో:
అమ్మా, మాది తాడేపల్లిగూడెం దగ్గర, మా పక్కనే మాధవరం, ఇంటికొక సైనికుడున్న ఊరని మిలిటరీ మాధవరం అంటారు. ఇప్పుడు హ్యూస్టన్‌లో అమ్మాయి దగ్గరున్నాను. మన దేశంలో ఇలా ఇంటికొచ్చి మాట్లాడే రిక్రూటర్ ఉండడు, ఆన్‌లైన్ పరీక్ష, ర్యాలీ, పరుగు, మెడికల్, అంతే. 1600 మీటర్లు టైములో రాకపోతే ఇంటికే. ఆ దారి మాకు చూపించింది ఊళ్ళో రిటైరై వచ్చిన సుబేదార్లు. నన్ను రోజూ తెల్లారుజామున కాలవ గట్టు మీద పరిగెత్తించిన ముసలాయన, నీకు చాతీ కొలత చాలదు, ఈ ఏడు వెళ్ళకు, వచ్చే ఏడు వెళ్ళు అన్నాడు. నాకు కోపమొచ్చింది, ఆయన మాట విన్నందుకే సెలెక్టయ్యాను. ఎవరికైనా చేర్చినందుకు లెక్క ఉన్నప్పుడు ఆగమని చెప్పడం కష్టం, ఆగమన్నాడంటే అతను పిల్లాడి వైపున్నట్టే. మీ ఆయన్ని కూడా తీసుకెళ్ళండి. తండ్రి వెనకుండి చేరిన కుర్రాడికీ, ఇంట్లో గొడవపడి చేరిన కుర్రాడికీ ట్రైనింగ్‌లో తేడా నేను కళ్ళారా చూశాను.

ఫ్రిస్కో_అమ్మ:
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న ముగ్గురం వెళ్ళొచ్చాం. బాబాయ్ గారూ, మీ మెసేజ్ మా ఆయనకి చదివి వినిపించా, ఏం మాట్లాడలేదు కానీ కారు తాళాలు తీసుకున్నారు.

ఆయన సార్జెంట్ ఫస్ట్ క్లాస్, 40 లోపే ఉంటారు. నేను ముందే అడిగేశా, మా వాడికి పదేళ్ళప్పుడు చెయ్యి విరిగి ప్లేట్ వేశారు, చెప్పాలా వద్దా అని. చెప్పాలి, ఆపరేషన్ కాగితాలు, ఎక్స్‌రేలు తెండి, వేవర్‌కి ఎన్నాళ్ళు పడుతుందో నేను మాటివ్వలేను అన్నారు. మెడిక్ గురించి అడిగితే, చేరేముందు రాసే ఆస్వాబ్ అనే పరీక్షలో జీటీ అనే స్కోరు 107, ఎస్టీ అనేది 101 రావాలి, మీ వాడి ప్రాక్టీస్ టెస్ట్ చూస్తే సైన్స్‌లో తక్కువుంది, ఇప్పుడే రాయించను, ఆరు వారాలు చదవనివ్వండి అన్నారు. మా ఆయన అప్పుడు మొదటిసారి నోరు తెరిచి, నాలుగేళ్ళే కదా అని అడిగారు. దానికి ఆయన, కాదు సర్, ఏ కాంట్రాక్టైనా మొత్తం ఎనిమిదేళ్ళు, నాలుగేళ్ళు యాక్టివ్‌గా చేస్తే మిగతా నాలుగూ రిజర్వ్ లిస్టులో ఉంటాడు, పిలిస్తే రావాలి అని చెప్పారు. మా వాడికి కూడా ఆ సంగతి తెలీదు, మొహం చూస్తేనే తెలిసింది. సైన్ చేసినా ట్రైనింగ్‌కి బయల్దేరే రోజు వరకు వద్దనుకుంటే మానుకోవచ్చనీ, కాలేజీ సీటు ఇప్పుడే వదులుకోవద్దనీ కూడా ఆయనే అన్నారు. మూడేళ్ళు యాక్టివ్‌గా పూర్తి చేస్తే 36 నెలల చదువు ఖర్చు వస్తుందని రాసున్న కాగితం ఇచ్చారు.

తమ్ముడూ, మెప్స్‌లో కావల్సిన జాబ్ లేకపోతే అని నువ్వు చెప్పిన ప్రశ్న మా వాడే అడిగాడు. "సంతకం పెట్టకు, నాకు ఫోన్ చెయ్యి" అన్నారు.

ఇంటికొచ్చేటప్పుడు దారి పొడుగునా ఎవరం మాట్లాడలేదు. రాత్రి నిద్రపట్టక నీళ్ళకోసం లేస్తే మా ఆయన హాల్లో కూర్చుని వాడి చెయ్యి ఆపరేషన్ ఫైల్ వెతుకుతున్నారు. ఆ ఎక్స్‌రేలు గుంటూరులో మా అత్తగారి బీరువాలో ఉండాలి, పొద్దున ఫోన్ చేసి అడగాలి.