కరెంటుతో కలుపు చంపడం: వోల్టేజీ చూడాలా, కిలోవాట్లు చూడాలా?

పచ్చసాలు:

సోయాచిక్కుడు పైరులో కలుపు మందుకు లొంగని అడవి తోటకూర జాతి మొక్కలు పైరును దాటి అడుగు ఎత్తు లేచాయి. గింజ కట్టేలోపు చంపాలి. ట్రాక్టర్ పీటీవోతో (ఇంజన్ శక్తిని యంత్రానికి అందించే ఇరుసు) తిరిగే జనరేటర్, ముందు వైపు అడ్డంగా 3 మీటర్ల కడ్డీ, వెనక నేలలో దిగే ఇనుప డిస్కులు ఉన్న యంత్రం అద్దెకు తీసుకోవాలని ఉంది. యంత్రాల వివరాల్లో ఒకరు వోల్టేజీని గొప్పగా చెబుతారు, ఇంకొకరు కిలోవాట్లను చెబుతారు. అసలు చూడాల్సింది ఏది? ఎంత వేగంతో నడపాలి? నేల తడిగా ఉండాలా, ఆరి ఉండాలా? గట్ల వెంట ఉన్న తుంగ, గరిక కూడా చస్తాయా? చివరగా, చిన్న మడులకు, పశువులను ఆపే తీగకు షాక్ ఇచ్చే పెట్టె, అంటే కంచె ఎనర్జైజర్‌తో చేతి పరికరం చేసుకోవచ్చా?

వోల్టుమీటర్:

రెండూ కావాలి, కానీ పని వేరు. కరెంటు మొక్కలోకి దూరడానికి వోల్టేజీ, ఎన్ని మొక్కలను చంపగలమో తేల్చడానికి కిలోవాట్లు.

కడ్డీ తగిలిన చోట కరెంటు కాండంలోకి దిగి, వేళ్ల గుండా నేలలోకి పోయి, డిస్కుల ద్వారా యంత్రానికి తిరిగి వస్తుంది. దారిలో మొక్క తన నిరోధం వల్ల వేడెక్కుతుంది. కణజాలం 60 డిగ్రీల దాకా వెళితే కణాల పొరలు తెగిపోతాయి, నీటిని పైకి లాగే నాళాలు దెబ్బతింటాయి. ఒక లెక్క వేద్దాం. మొదలు దగ్గరి కాండం, పై వేరు కలిపి 5 గ్రాముల పచ్చి కణజాలం అనుకోండి. దాదాపు అంతా నీరే. 25 నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే 4.18 × 5 × 35, అంటే సుమారు 730 జౌళ్లు.

మొక్క ఒరుగుతూ 30 సెంటీమీటర్ల మేర కడ్డీని రాసుకుంటూ పోతుందనుకుంటే, సెకనుకు మీటరు వేగంలో తాకిడి 0.3 సెకన్లు. ఆ కాస్త సమయంలో 730 జౌళ్లు దిగాలంటే మొక్కకు దాదాపు 2.5 కిలోవాట్లు అందాలి. మొక్క నిరోధం 10 వేల ఓములైతే దానికి 5,000 వోల్టులు సరిపోతాయి. నిరోధం అంతకు మించిన మొక్కకు వోల్టేజీ కూడా పెరగాలి. అక్కడికి వోల్టేజీ కథ అయిపోయింది.

ఇక కిలోవాట్లు. 3 మీటర్ల కడ్డీ సెకనుకు మీటరు చొప్పున పోతే సెకనుకు 3 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 2 మొక్కలుంటే సెకనుకు 6, అంటే 4.4 కిలోవాట్లు. నేలలోనూ తాకిడి దగ్గరా సగం పోతుందని లెక్కేసుకుంటే 9 కిలోవాట్లు. అదే చదరపు మీటరుకు 20 మొక్కలుంటే 88 కిలోవాట్లు కావాలి, 100 ఉంటే 440. అందుకే ఈ పద్ధతి పలచగా, పైరు కన్నా ఎత్తుగా నిలబడ్డ కలుపుకు బాగా నప్పుతుంది, దట్టంగా మొలిచిన చిన్న మొక్కలకు ఆ పొలమంతా నడిపితే నప్పదు. అమెరికాలో 1980ల ప్రాంతంలో షుగర్ బీట్ పొలాల్లో వాడింది కూడా ఇలా పైకి తేలిన మొక్కల మీదే.

గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి. కలుపు దట్టంగా ఉన్న చోటికి వెళ్లగానే ఒకేసారి ఎక్కువ మొక్కలు కడ్డీని తాకి, జనరేటర్ మీద భారం పెరిగి వోల్టేజీ పడిపోతుంది. అది 70 శాతానికి పడితే మొక్కకు అందే శక్తి సగమే, ఎందుకంటే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. క్యాబిన్‌లో వోల్టు మీటర్ ముల్లు దిగుతుంటే అక్కడే వేగం తగ్గించాలి. ఆ చోటు దాటాక మళ్లీ పెంచుకోవచ్చు.

మట్టిపదును:

పైన చెప్పిన లెక్కకు నా వంతు నేల సంగతి. ఇక్కడ రెండు అవసరాలు ఎదురెదురుగా ఉంటాయి. పైపొర బాగా తడిగా ఉంటే కరెంటు వేరు పైభాగం నుంచే మట్టిలోకి జారిపోతుంది, లోతు వేరు బతికి మళ్లీ చిగుర్లు వేస్తుంది. పైపొర ఆరి ఉంటే మట్టి నిరోధం ఎక్కువ కాబట్టి కరెంటు వేరు వెంటే ఇంకా కిందికి దిగుతుంది. కానీ మరీ బెత్తెడు లోతు ఎండిపోతే వెనక డిస్కులకు నేల అందదు, వలయం సరిగ్గా పూర్తికాదు. కావాల్సిన పదును: పైన నాలుగైదు సెంటీమీటర్లు ఆరి, కింద పట్టుకుంటే ముద్దయ్యే మట్టి. డిస్కులను 6 నుంచి 8 సెంటీమీటర్లు దించి ఆ తడిపొరకు తగిలించాలి. డిస్కు కింద గడ్డి, ఎండుటాకు ఇరుక్కుంటే లోతు సరిగ్గా ఉన్నా తాకిడి ఉండదు, కాబట్టి ప్రతి మలుపులో దిగకుండానే అద్దంలో చూసుకోండి.

మంచు ఆరకముందు మొదలుపెట్టకండి. కలుపు మీది తడిపొర కరెంటును కాండం లోపలికి కాకుండా బయటినుంచే కిందికి జార్చేస్తుంది. పైగా తడిసిన కలుపు, తడిసిన సోయా ఒకదానికొకటి ఆనుకుని ఉంటే పైరూ కరెంటు మింగుతుంది. ఎండ ఎక్కాక పని చేస్తే ఇంకో లాభం ఉంది. దెబ్బతిన్న నాళాలు నీరు లాగలేవు కాబట్టి ఎండకు మొక్క త్వరగా వాడిపోతుంది.

కడ్డీ ఎత్తు: పైరు తలకు కనీసం 10 సెంటీమీటర్ల పైన. కడ్డీ పైన కలుపు మరో 15 సెంటీమీటర్లయినా లేచి ఉండాలి, లేకపోతే ఆకు కొసలు మాత్రం మాడి మొదలు బతుకుతుంది. ఎగుడుదిగుడు నేలలో, కడ్డీ కొసలు ఊగే యంత్రంలో ఈ ఎడం ఇంకా పెంచాలి. వేగం గంటకు 3 నుంచి 4 కిలోమీటర్లతో మొదలుపెట్టి, ఫలితం చూసి మార్చుకోండి. వేగం రెట్టింపు చేస్తే మొక్కకు అందేది సగమే.

పచ్చసాలు:

చాలా స్పష్టంగా ఉంది, కృతజ్ఞతలు. నడిపిన వెంటనే కలుపు చచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? వాడిపోయి మర్నాడు మళ్లీ నిలబడతాయని విన్నాను. తుంగ సంగతి కూడా చెప్పండి.

వేరుచూపు:

పైన వాడటాన్ని నమ్మకండి, వేరును చూడండి. నడిపిన కాసేపటికి నాలుగైదు మొక్కలను వేరుతో సహా పీకి, మొదలు దగ్గర వేళ్లతో నొక్కండి. బాగా పట్టిన మొక్కలో కాండం నీరు పట్టినట్టు ముదురు ఆకుపచ్చగా, మెత్తగా ఉంటుంది, నొక్కితే రసం ఊరుతుంది. రెండు రోజుల తర్వాత ఇంకో నాలుగింటిని పీకి, తల్లివేరును బ్లేడుతో నిలువునా చీల్చండి. లోపల గోధుమరంగు చార మట్టిమట్టం నుంచి ఎంత కిందికి దిగిందో అదే మీకు అసలు కొలత. 5 సెంటీమీటర్లకు మించి దిగితే చాలామటుకు మొక్క తిరిగి లేవదు. మట్టిమట్టం దగ్గరే ఆగి కింద తెల్లగా ఉంటే వేగం తగ్గించండి, లేదా పైపొర ఆరేదాకా ఆగండి. 14 రోజులకు చిగుర్ల లెక్క తీయండి.

గరిక, తుంగల మీద ఆశ పెట్టుకోవద్దు. ఈ రెండింటిలో పెరిగే మొగ్గ మట్టి కిందో, మట్టిని ఆనుకునో ఉంటుంది, కరెంటు చాలా పిలకలకు, పీచు వేళ్లకు పంచుకుపోతుంది. గరిక తీగ అక్కడక్కడా వేరూనుతుంది కాబట్టి కరెంటు దగ్గరి కణుపు వద్దే నేలలో కలిసిపోతుంది, అవతలి కణుపు లేస్తుంది. తుంగలో గడ్డలు గొలుసులా ఉంటాయి. ఆకుతో నేరుగా కలిసిన గడ్డకు దెబ్బ తగలొచ్చు, గొలుసు తెగి నిద్రలో ఉన్న గడ్డకు ఏమీ కాదు. మళ్లీ మళ్లీ ఆకు మాడిస్తే గడ్డల నిల్వ కరుగుతుంది, అయితే దానికి ఇంత ఖరీదైన శక్తి వాడటం దండగ.

మంచి సంగతి ఏమిటంటే, గుంటక తోలినట్టు మట్టి కదలదు కాబట్టి కింద నిద్రపోతున్న గింజలకు వెలుతురు తగలదు, కొత్త మొలక తక్కువ. మట్టిలోని గింజలు చావవు, ఆ లెక్క వేరు.

వోల్టుమీటర్:

ఎనర్జైజర్ సంగతి ఎవరూ చెప్పలేదు, అది ముఖ్యం. కంచె ఎనర్జైజర్ సెకనుకు ఒక చిన్న దెబ్బ వేస్తుంది, ఒక్కో దెబ్బకు గరిష్ఠంగా 5 జౌళ్లకే అంతర్జాతీయ ప్రమాణం అనుమతిస్తుంది. 730 జౌళ్లు పోగవడానికి ఒక్క మొక్క దగ్గరే రెండున్నర నిమిషాలు, అదీ మధ్యలో వేడి ఏమాత్రం పోకపోతే. పోతుంది కాబట్టి మొక్క చావదు.

అది చాలక కొందరు మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్ విప్పి కర్రకు కడుతున్నారు. దయచేసి వద్దు. అందులో దాదాపు 2,000 వోల్టులు, గుండెను ఆపడానికి కావలసిన దానికి ఎన్నో రెట్ల కరెంటు ఉంటుంది. ఇంటి లీకేజీ బ్రేకర్ కూడా మిమ్మల్ని కాపాడదు, ఎందుకంటే అది చూసేది ట్రాన్స్‌ఫార్మర్ మొదటి చుట్టలోకి పోయే, వచ్చే కరెంటుల తేడానే. రెండో చుట్టలో మనిషి గుండా నేలకు పోయేది దానికి కనిపించదు.

అద్దె యంత్రంలో కూడా ఇవి చూశాకే తీసుకోండి: సీటు నుంచి లేస్తే ఆగే స్విచ్, కడ్డీ ఎత్తితే ఆగే స్విచ్, ఎర్ర అత్యవసర బటన్. మూడూ కడ్డీ ఖాళీగా ఉండగా ఒక్కొక్కటిగా పరీక్షించాలి. కడ్డీని పట్టుకున్న ఇన్సులేటర్ల మీద దుమ్ము, ఆకు రసం పేరుకుంటే తడి తగలగానే పైపైన కరెంటు పాకి సన్నటి నల్ల గీత పడుతుంది. వెంట్రుకంత గీత కనిపించినా ఆ ఇన్సులేటర్ మార్చాల్సిందే, తుడిస్తే పోదు. రోజూ పని మొదట్లో పొడి గుడ్డతో తుడవండి. దిగేముందు పీటీవో ఆపి, ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, ఎర్తింగ్ కర్రను (నేలకు కలిపిన తీగ ఉన్న కర్ర) కడ్డీకి తాకించాకే చేయి పెట్టాలి. డీసీ యంత్రాల్లో, ఆపాక కూడా కరెంటును నిల్వ ఉంచుకునే కెపాసిటర్లు ఉంటాయి కాబట్టి ఇది తప్పనిసరి.

డిస్కుల చుట్టూ నేలలో వోల్టేజీ పరుచుకుంటుంది, నిలబడ్డ మనిషి రెండు పాదాల మధ్యే షాక్ కొట్టవచ్చు. పశువుకు ముందు కాళ్లకు, వెనక కాళ్లకు ఎడం ఎక్కువ కాబట్టి ముప్పు ఇంకా ఎక్కువ. తయారీదారు చెప్పిన దూరంలో మనిషి, పశువు ఎవరూ ఉండకూడదు. ఇనుప కంచె, పందిరి తీగ దగ్గరికి తీసుకెళ్లకండి. డ్రిప్ పైపు పైనే పరిచి ఉంటే నిప్పురవ్వకు కరుగుతుంది. ఎండు కొయ్యకాళ్లున్న చోట అసలు నడపొద్దు.

పచ్చసాలు:

గింజ కట్టడం మొదలైన మొక్కలు అక్కడక్కడా ఉన్నాయి. వాటి మీద నడిపితే ఉపయోగం ఉందా? రెండోసారి ఎప్పుడు?

వేరుచూపు:

గింజ ఇంకా పచ్చిగా, పాలు పోసుకునే దశలో ఉంటే నడపండి, మొలక శాతం బాగా తగ్గుతుంది. నల్లగా గట్టిపడ్డ గింజకు మాత్రం తేడా చాలా తక్కువ, పైగా కడ్డీ తగిలి పొలమంతా రాలుతుంది. అలాంటి మొక్కల కంకులను ముందే కోసి సంచిలో వేసి బయటికి తీసుకుపోవాలి. రెండోసారి 10 నుంచి 14 రోజులకు, మొదటిసారి పైరు కింద దాగి కడ్డీకి అందని మొక్కలు తల ఎత్తాక. ఈసారి సాలును ఎదురు దిశలో నడపండి. మొదటిసారి ఒరిగి పక్క మొక్క నీడలో తప్పించుకున్నవి ఇప్పుడు ఎదురుగా కడ్డీకి తగులుతాయి.