అప్‌డేట్: నానోపోర్‌లో డీఎన్‌ఏ వేగం గురించి నేను అడిగిన ప్రశ్న

అనంతపురంలో మా ఎమ్మెస్సీ సెమినార్ కోసం ఇంతకుముందు ఇక్కడ అడిగాను: డీఎన్‌ఏ పోగు నానోపోర్‌లోంచి (నానోమీటర్ల సైజు రంధ్రం) అంత వేగంగా దూసుకుపోతుంటే ఒక్కో బేస్‌ను (A, C, G, T అనే డీఎన్‌ఏ అక్షరాల్లో ఒకదాన్ని) ఎలా గుర్తుపడతారు? జవాబిచ్చిన అందరికీ థాంక్స్. సెమినార్ బాగా జరిగింది.

ఎంజైమ్ సంగతి చూడమన్నవాళ్ల సలహా చాలా పనికొచ్చింది. డీఎన్‌ఏను ఇలా రంధ్రంలోంచి పంపిన 1996 నాటి ప్రయోగంలో వాడిన ఆల్ఫా హీమోలైసిన్ అనే ప్రోటీన్ రంధ్రం అతి ఇరుకైన చోట సుమారు 1.4 నానోమీటర్లే. వోల్టేజీ పెడితే నెగటివ్ చార్జి ఉన్న ఒంటిపోగు డీఎన్‌ఏ అందులోకి దూరుతుంది, రంధ్రంలోంచి పారే అయాన్ల కరెంటు పడిపోతుంది. ఎంత పడిందన్నది బేస్‌ను బట్టి మారుతుంది, గుర్తుపట్టేది ఆ తేడాతోనే. కానీ ఒక్కో బేస్ మైక్రోసెకన్లలో దాటిపోతుంది. పికోఆంపియర్ల తేడాను అంత తక్కువ సమయంలో నాయిస్ నుంచి విడదీయడం కుదరదు. పోనీ వోల్టేజీ తగ్గిద్దామంటే, పోగు లోపలికి రావడమే తగ్గుతుంది!

అందుకే రంధ్రం మొదట్లో మోటార్ ఎంజైమ్‌ను నిలుపుతారు. అది పోగును మెట్టు మెట్టుగా వదులుతుంది, ఇప్పటి పరికరాల్లో సెకనుకు సుమారు 400 బేస్‌లు. నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే.

మా మేడమ్ అడిగింది మాత్రం వేరే: ఒకే బేస్ వరుసగా వస్తే? కరెంటు మారదు కాబట్టి ఎన్ని దాటాయో లెక్క తేలడం కష్టం. ఇప్పుడు దాని మీదే చదువుతున్నాను.